మన జిల్లాల వికీ పేజీలు దిద్దడానికి చాట్‌బాట్ పనికొస్తుందా?

పాలమూరు, నల్లగొండ ఊళ్ల పేజీలను తెవికీలో (తెలుగు వికీపీడియాలో) సరిచేసేవాళ్లకు ముందే తీర్పు చెప్పేస్తే: చాట్‌బాట్ అచ్చుతప్పులు పట్టడంలో దిట్ట, విషయం రాయించుకోవడానికి మాత్రం దండగ.

పిల్లలమర్రి మీద నాలుగు వాక్యాలు అడిగి చూడండి. మహబూబ్‌నగర్ దగ్గరి మర్రిచెట్టును, సూర్యాపేట దగ్గర అదే పేరున్న ఊళ్లోని కాకతీయుల గుళ్లను కలిపేసి, చెట్టు పక్కనే ఎరకేశ్వరాలయం కట్టేయగలదు. పానగల్లుదీ ఇదే తంతు. ఛాయా సోమేశ్వరాలయం ఉన్నది నల్లగొండ పక్కన, కోట ఉన్నది వనపర్తి జిల్లాలో. అందుకే మండలం, జిల్లా ముందే చెప్పి మొదలుపెట్టాలి.

జిల్లాలు ఇంకో తలనొప్పి. 2016 అక్టోబరు 11న విడిపోయిన సంగతి తెలిసినట్టే ఉంటుంది, అయినా అలంపూర్‌ను మహబూబ్‌నగర్‌లో, యాదగిరిగుట్టను నల్లగొండలో పెడుతుంటుంది. నారాయణపేట 2019 ఫిబ్రవరిలో వచ్చింది కాబట్టి దాన్ని విడిగా చూసుకోవాలి. 2011 లెక్కల్లోని 34.88 లక్షల జనాభా ఉమ్మడి నల్లగొండది. ఇప్పటి జిల్లా పేజీలో ఆ అంకె కనిపిస్తే తీసేయండి.

వాడే పద్ధతి: ఒకసారికి ఒక్క పేరా. పేజీ మొత్తం అతికిస్తే మధ్యలో వాక్యాలు మాయమవుతాయి, మూలాల ట్యాగులు (సమాచారం ఎక్కడిదో చూపే గుర్తులు) చెదిరి పేజీ అడుగున ఎర్రక్షరాల్లో లోపాలు వస్తాయి. ‘కొత్త విషయం చేర్చొద్దు, పేర్లు, అంకెలు, ట్యాగులు ముట్టొద్దు, మార్చిన పదాలు విడిగా చూపించు’ అని చెప్పాలి. వచ్చినదాన్ని ప్రయోగశాలలో (తెవికీలో రాసి చూసుకునే చిత్తు పేజీలో) పెట్టి, పాత కూర్పుతో తేడా చూశాకే పేజీలోకి ఎక్కించాలి.

మూలాలు అడగనే అడగొద్దు. ఇచ్చిందంటే పుస్తకం ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే నంబరు) లెక్కకట్టండి: 13 అంకెలను వరసగా 1, 3, 1, 3తో గుణించి కూడితే మొత్తం 10తో నిశ్శేషంగా పోవాలి. పోకపోతే ఆ నంబరు తప్పే. పోయినా పుస్తకం తెరిచి పేజీ చూడాల్సిందే. లింకు చివర ‘యూటీఎం సోర్స్’ (utm_source, లింకు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పే ముక్క) అంటూ చాట్‌బాట్ పేరుతో తోక ఉంటే కత్తిరించండి.

భాష సంగతి. ‘ఘన వారసత్వానికి నిలువుటద్దం’ లాంటి పొగడ్తలు అడక్కుండానే వచ్చిపడతాయి, అవన్నీ కొట్టేయాలి. ‘మత్తడి’ని (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు) ‘అలుగు’గా, ‘కుంట’ను ‘చెరువు’గా మార్చిందేమో ఒక్కో పదం చూసుకోండి. చెరువు, కుంట రెవెన్యూ రికార్డుల్లోనే వేరు.