బెటర్‌మెంటా, ఎంసెట్టా?

ఇంటర్ మొదటి ఏడాది మార్కులు పడిపోయాయి, అన్ని పేపర్లూ పాసే. విశాఖలో ఇలాంటి ఇళ్లలో మే నెలంతా ఒకటే చర్చ: బెటర్‌మెంట్ (పాసైన పేపర్లనే మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాయడం) రాయించాలా, వదిలేసి ఎంసెట్ మీద పడాలా? (పేరు ఈఏపీసెట్ అయ్యింది గానీ మా ఇంట్లో ఇంకా ఎంసెట్టే.)

ముందు లెక్క చూద్దాం. మన రాష్ట్రంలో ర్యాంకుకు ఎంసెట్ వాటా 75 శాతం, ఇంటర్ గ్రూప్ సబ్జెక్టుల (ఇంజినీరింగ్‌కైతే మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ) వాటా 25. గ్రూపు మార్కులు రెండేళ్లవీ కలిపి 5 శాతం పెరిగితే ర్యాంకు లెక్కలో వచ్చేది 1.25. అదే 1.25 ఎంసెట్‌లో 160కి మూడు మార్కుల లోపే! పైగా అక్కడ నెగెటివ్ మార్కులు లేవు. ఆంధ్రా యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీయే లక్ష్యమైతే నేను ఎంసెట్ వైపే. మండే ఎండలో పాత పుస్తకాలు మళ్లీ తిరగేస్తూ కూర్చుంటే రెండో ఏడాది సిలబస్ వెనకబడుతుంది, ఆ టెన్షన్ వేరు.

ఎన్‌ఐటీ (కేంద్ర ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీ) ఆశ ఉంటే మాత్రం కథ మారుతుంది. అక్కడ జేఈఈ ర్యాంకుతో పాటు బోర్డు మార్కులు 75 శాతం (ఎస్సీ, ఎస్టీలకు 65) ఉండాలి, లేదా బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో నిలవాలి. ఆ గీతకు కాస్త కిందే ఆగేలా ఉన్నవాళ్లు బెటర్‌మెంట్ రాయడమే మేలు. అదీ అన్ని పేపర్లూ కాదు, బాగా దెబ్బతిన్న ఒకటో రెండో చాలు.