పాత ఆస్బెస్టాస్ రేకులు: వదిలేయాలా, కప్పేయాలా, పీకేయాలా?

ఇంటి మీదో వెనక షెడ్డు మీదో ఉన్న పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుందని, దానివల్ల మెసోథెలియోమా అనే క్యాన్సర్ వస్తుందని తెలిసిన రోజు నుంచి చాలామందికి ఒకటే టెన్షన్, ఒకటే ఆలోచన: ఈ ఆదివారమే పీకి పారేద్దాం. ఆగండి. ఆ రేకు ఇన్నేళ్లుగా నెత్తి మీద కదలకుండా ఉన్నప్పుడు వదలని ధూళిని, సుత్తి పెట్టి పగలగొట్టి కిందికి విసిరేసే ఒక్క పూటలో వదిలేయగలదు. అది కూడా మీ ముక్కు ముందే.

ఏది మేలో తేల్చుకోవాలంటే ముందు ఆ రేకులో ఏముందో తెలియాలి. ఆస్బెస్టాస్‌ను తెలుగులో రాతినార అంటారు, పేరులోనే అంతా ఉంది. అది రాయే, కానీ నారలా చీలే రాయి. చీలిన పోగు మళ్లీ నిలువుగా చీలుతుంది, అది మళ్లీ చీలుతుంది, చివరికి కంటికి కనిపించనంత సన్నబడి గాల్లో గంటల తరబడి తేలుతుంది. పీలిస్తే ఊపిరితిత్తుల అడుగు దాకా వెళ్తుంది. లోపలికి వచ్చిన చెత్తను మింగేసే కణాలు మనలో ఉంటాయి కదా, అవి దీన్నీ మింగబోతాయి, కానీ పొడవాటి పోగు ఆ కణం కంటే పెద్దది, సగం లోపల సగం బయట ఇరుక్కుపోతుంది. అక్కడ మొదలైన వాపు ఏళ్ల తరబడి ఆరదు. కొన్ని పోగులు ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పల్చటి పొరను చేరతాయి. ఆ పొరలో పుట్టే క్యాన్సరే మెసోథెలియోమా. కడుపు లోపలి పొరలో కూడా వస్తుంది, కాకపోతే తక్కువ.

పోగు లోపలికి వెళ్లడానికీ జబ్బు బయటపడడానికీ మధ్య మామూలుగా 20 నుంచి 50 ఏళ్లు పడుతుంది. అందుకే "మా తాత ఇదే పని చేశాడు, ఏం కాలేదు" అనే మాటకు ఇక్కడ పెద్ద విలువ లేదు, "నిన్న బెజ్జం వేశాను, ఇవాళ దగ్గొస్తోంది, అదేనేమో" అనే భయానికీ విలువ లేదు. దక్షిణాఫ్రికాలో నీలి ఆస్బెస్టాస్ (ఇందులో తెల్ల, గోధుమ, నీలి రకాలున్నాయి) గనులున్న కేప్ ప్రాంతం నుంచి 1960లో వాగ్నర్ అనే డాక్టరు, ఆయన సహచరులు 33 మంది రోగుల వివరాలు ప్రచురించారు. ఈ జబ్బుకూ ఆస్బెస్టాస్‌కూ ఉన్న సంబంధం అప్పుడే గట్టిగా బయటపడింది. అందులో గని కార్మికులే కాదు, చిన్నప్పుడు ఆ చుట్టుపక్కల పెరిగినవాళ్లూ ఉన్నారు. ఆస్బెస్టాస్ పని చేసే మగవాళ్ల బట్టలు దులిపి ఉతికిన ఆడవాళ్లకు ఈ జబ్బు రావడం తర్వాత చాలా దేశాల్లో చూశారు.

ఇది చదివి ఇంట్లో రేకున్న ప్రతివాళ్లూ బెంబేలెత్తాల్సిన పని లేదు. ఇంతవరకు పీలిస్తే ఏమీ కాదు అని గీత గీసి చెప్పగలిగిన మోతాదు లేదు, నిజమే. కానీ ముప్పు పీల్చిన మొత్తాన్ని బట్టి పెరుగుతుంది. ఇన్సులేషన్ పనిలోనో ఓడల కట్టడంలోనో రోజూ ఏళ్ల తరబడి ఆ ధూళిలో గడిపినవాళ్ల లెక్క వేరు, ఎప్పుడో ఒకసారి గోడకు మేకు కొట్టినవాళ్ల లెక్క వేరు. ప్రపంచం మొత్తం మీద ఏటా సుమారు 30 వేల మందికి ఈ జబ్బు బయటపడుతోంది, వాళ్లలో ఎక్కువమంది పనిలో ఆ ధూళి పీల్చినవాళ్లే.

సరే, రేకు దగ్గరికి వద్దాం.

మొదటి దారి, ముట్టుకోకుండా వదిలేయడం. రేకు గట్టిగా ఉండి, పగుళ్లు లేకుండా, ఎవరూ దానికి బెజ్జాలు వేయకుండా ఉంటే నా ఓటు దీనికే. సిమెంటు రేకులో ఆస్బెస్టాస్ మామూలుగా పదో పదిహేనో శాతం, మిగతాదంతా సిమెంటు. ఆ సిమెంటు పోగుల్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది. గొడవంతా ఆ పట్టు సడలినప్పుడే. వానకు, ఎండకు, నాచుకు పై సిమెంటు కొద్దికొద్దిగా కొట్టుకుపోయి రేకు గరుకుబారుతుంది. విరిగిన పాత రేకు అంచును దగ్గరగా చూస్తే (ముట్టుకోకండి, చూడండి చాలు) చినిగిన గోనెపట్టా అంచులా బూడిదరంగు నూగు కనిపిస్తుంది. వాన నీళ్లు పడే కాలువలో అడుగున పేరుకునే బూడిదరంగు బురద కూడా ఆ రేకు అరుగుదలే. దాన్ని ఎండనిచ్చి పొడి చీపురుతో ఊడ్చేవాళ్లను చూశాను, రేకు కింద ఏళ్ల తరబడి పడుకోవడం కంటే ఆ ఊడ్పు చెడ్డది. తడిగా ఉండగానే ఎత్తి మందపాటి కవర్లో మూట కట్టాలి.

వదిలేయడమంటే మర్చిపోవడం కాదు, చిక్కు అక్కడే వస్తుంది. రేకు సంగతి మీకు తెలుసు, రేపు ఫ్యాను బిగించడానికి వచ్చే కుర్రాడికి తెలియదు. డ్రిల్లు పెడతాడు, ఎండ పడే చోట తెల్లటి పొడి సన్నగా దిగుతుంటే నోటితో ఉఫ్‌మని ఊది బెజ్జం ఎంత లోతుందో చూస్తాడు. ఇలాంటి పని అతనికి రోజూ ఉంటుంది, మీకు ఏడాదికి ఒకసారి. ముప్పు ఎక్కువ అతనిదే.

రెండో దారి, కప్పేయడం. ఇందులో రెండు రకాలు, పైన పెయింటు లాంటి పూత వేయడం, లేదా పాత రేకును అలాగే ఉంచి దాని మీద కొత్త రేకు పరచడం. కాగితం మీద ఇదే అన్నిటికంటే తెలివైన పనిలా కనిపిస్తుంది, పీకే పని లేదు, పారేసే తలనొప్పి లేదు. నాకు మాత్రం దీని మీద అంత నమ్మకం లేదు, ఎందుకంటే పూత బాగా అంటుకోవాలంటే ముందు నాచు, మట్టి గీకాలి, పెయింటర్ అలవాటుగా తెచ్చేది ఇనుప బ్రష్షో, జోరుగా నీళ్లు చిమ్మే మిషనో. రెండూ వద్దే వద్దు. ఆ మిషను పైపొరను చీల్చి నుసిని గోడలకు, పక్కింటి బాల్కనీకి, మీ తులసికోటకు కూడా చల్లుతుంది, ఆ నీళ్లు ఆరాక మిగిలేది పొడి ధూళే. మెత్తగా తడిపి, గీకకుండా, చల్లుడు జోరు తగ్గించి పూత వేయగలిగేవాళ్లు దొరికితే, రేకు ఇంకా గట్టిగా ఉంటే, ఈ దారి కొన్నేళ్లు గడుపుతుంది. పైన కొత్త రేకు పరిచే పద్ధతిలో పాత రేకులోంచే బోల్టులు దించాలి, అంటే మళ్లీ బెజ్జాలు. పైగా పాత దూలాలు ఆ బరువు మోస్తాయో లేదో ముందే చూపించుకోవాలి.

కింద ఫాల్స్ సీలింగ్ వేస్తే చాలదా అని అడుగుతారు. రేకు కనిపించకుండా పోతుంది, అంతే. రాలిన నుసి ఆ సీలింగ్ మీద పేరుకుని ఉంటుంది, పదేళ్ల తర్వాత వైరింగ్ కోసం ఒక పలక తీసినవాడి తల మీద పడుతుంది.

ఇంకో మాట, ఇది క్యాన్సర్‌కు సంబంధం లేనిది కానీ దానికంటే ముందు ప్రాణం తీసేది. పాత సిమెంటు రేకు మనిషి బరువు ఆపదు. పైకి గట్టిగానే కనిపిస్తుంది, కాలు పెట్టగానే ఫెళ్లున విరుగుతుంది. పూత వేయడానికైనా పీకడానికైనా పైకెక్కేవాళ్లు రేకు మీద అడుగు వేయకుండా, దూలాల మీద పలకలు పరుచుకుని, నడుముకు తాడు కట్టుకుని పని చేయాలి. ముప్పై ఏళ్ల తర్వాత వచ్చే జబ్బు గురించి భయపడుతూ ఇవాళే కింద పడి నడుము విరగ్గొట్టుకోవద్దు.

మూడో దారి, తీసేయడం. రేకు విరిగిపోయి, పగిలి, వేలితో రుద్దితే పొడి రాలే దశకు వచ్చిందంటే, లేదా ఆ ఇంటిని ఎలాగూ కూల్చబోతున్నారంటే, ఇక మొదటి రెండు దారులూ మూసుకుపోయినట్టే. అప్పుడు తీయాల్సిందే. ఈ పని తెలిసినవాళ్ల చేత, కొన్ని దేశాల్లో లైసెన్సు ఉన్నవాళ్ల చేతే చేయించాలి. మంచి పని ఎలా ఉంటుందో తెలిస్తే చెడ్డపనిని మీరే ఆపగలరు. ముందు రేకును నీళ్లతో తడపాలి, నీళ్లలో కాస్త సబ్బు కలిపితే లోపలికి ఇంకుతాయి. బోల్టు విప్పాలి, తుప్పు పట్టి రాకపోతే బోల్టునే కత్తిరించాలి, రేకును పగలగొట్టి లాగకూడదు. నిండు రేకును నిండుగానే చేతులు మార్చుకుంటూ దించాలి, పైనుంచి విసరకూడదు. గ్రైండర్ పెట్టి ముక్కలు కోయడం అన్నిటికంటే ఘోరం, చేస్తుంటే ఆపించండి. దించినవాటిని మందపాటి పాలిథిన్‌లో రెండు చుట్లు చుట్టి, మీద ఆస్బెస్టాస్ అని రాసి, దానికోసం ఉన్న చెత్త స్థలానికే పంపాలి. చుట్టూ ఉన్న పిల్లల్ని, ఆరేసిన బట్టల్ని ముందే తప్పించాలి. వేసుకున్న బట్టల్ని దులపకుండా తడిపి, మిగతా బట్టలతో కలపకుండా పక్కన పెట్టాలి, అసలు పాతవి వేసుకుని వాటినీ ఆ మూటలోనే పడేయడం ఇంకా మంచిది. రుమాలు, సర్జికల్ మాస్కు ఈ పనికి పనికిరావు. అతి సన్నటి ధూళిని కూడా వడగట్టే ఎఫ్‌ఎఫ్‌పీ 3 లేదా పీ 100 రకం మాస్కు కావాలి, అదీ గడ్డం ఉంటే ముఖానికి అతుక్కోక పక్కల నుంచి గాలి పీలుస్తుంది.

తీసిన ముక్కల్ని గుంతల్లో పోసి పైన నడిచే దారి వేయడం, కోళ్ల గూటికి పైకప్పు చేయడం కూడా చూస్తుంటాం. ఆ ముక్కలు చక్రాల కింద, కాళ్ల కింద నలిగి, రేకుగా ఉన్నప్పటికంటే ఎక్కువ ధూళి చేస్తాయి.

ఇక్కడ ఒక తేడా గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. పైన చెప్పిందంతా సిమెంటు రేకు గురించి. పాత బాయిలర్ చుట్టూ, ఆవిరి పైపుల చుట్టూ మెత్తగా చుట్టిన ఆస్బెస్టాస్ లేదా దూలాల మీద స్ప్రే చేసిన పూత ఉంటే అది పూర్తిగా వేరే జంతువు, చేత్తో నొక్కితేనే పొడి అవుతుంది. దాని విషయంలో వదిలేద్దామా, మనమే తీద్దామా అన్న చర్చే లేదు. ఆ గది తలుపు మూసి, తెలిసినవాళ్లను పిలవండి.

ఇక ఎప్పుడూ వచ్చే ప్రశ్న: తెల్ల ఆస్బెస్టాస్ ఫర్వాలేదట, నీలిదే ప్రమాదమట, నిజమేనా? సగం నిజం. తెల్లది, అంటే క్రిసోటైల్, వంకర్లు తిరిగిన పోగు, ఊపిరితిత్తుల్లోంచి కాస్త త్వరగా పోతుంది. నీలిది, గోధుమరంగుది సూదుల్లా నిటారుగా ఉండి దశాబ్దాలు దిగబడిపోతాయి. 2000లో హాడ్జ్‌సన్, డార్న్‌టన్ అనే పరిశోధకులు వేసిన లెక్కలో మెసోథెలియోమా ముప్పు తెల్లదానికి 1 అనుకుంటే గోధుమరంగుదానికి 100, నీలిదానికి 500. తేడా మామూలుది కాదు. అయినా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తెల్లదానితో సహా అన్ని రకాలనూ మనిషికి క్యాన్సర్ తెచ్చేవాటిలోనే చేర్చింది. పైగా రేకులో ఏ రకం ఉందో రంగు చూసి చెప్పలేం, సిమెంటులో కలిశాక అన్నీ బూడిదరంగే. అసలు ఆస్బెస్టాస్ ఉందో లేదో కూడా మైక్రోస్కోపు కింద పెడితేనే తెలిసేది. కాబట్టి ఈ పోలిక శాస్త్రవేత్తకు పనికొస్తుంది, నిచ్చెన వేసుకుని నిలబడ్డ మనకు పనికిరాదు.

పోనీ ఇప్పటికే పీల్చేసినవాళ్ల సంగతేమిటి? ఏటా స్కాన్ తీయించుకోవడం మేలా, సిగరెట్ మానడం మేలా అంటే రెండోదే, అందులో నాకు అనుమానం లేదు. పొగతాగడం మెసోథెలియోమాను పెంచదు, కానీ ఆస్బెస్టాస్, సిగరెట్ కలిస్తే మామూలు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు రెండూ విడివిడిగా తెచ్చేదానికంటే బాగా ఎక్కువవుతుంది. స్కాన్‌తో మెసోథెలియోమాను ముందే పట్టి ప్రాణాలు నిలబెట్టగలమని ఇంతవరకు రుజువు కాలేదు. స్కాన్‌లో పొర మీద గట్టిపడ్డ మచ్చలు కనిపిస్తే అవి పీల్చిన గుర్తులే తప్ప క్యాన్సర్ కాదు. చికిత్స విషయానికొస్తే, 2020లో అమెరికాలో అనుమతి వచ్చిన నివోలుమాబ్, ఇపిలిముమాబ్ అనే మందుల జంటతో (క్యాన్సర్ మీదికి ఒంట్లోని రోగనిరోధక శక్తిని ఉసిగొల్పే మందులివి) జరిగిన పెద్ద పరీక్షలో సగం మంది 18 నెలలు దాటి బతికారు, పాత కీమోథెరపీతో అది 14 నెలలు. మెరుగే, కానీ ఎంత మెరుగో మీరే చూస్తున్నారు.

ఆయాసం, తగ్గని ఛాతీ నొప్పి, ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరడం ఉంటే డాక్టరుకు ఇప్పటి ఉద్యోగం ఒక్కటే చెప్పి ఊరుకోవద్దు. పాతికేళ్ల కింద రెండేళ్లు ఏ ఫ్యాక్టరీలో, ఏ షెడ్డులో, ఏ బ్రేకుల మరమ్మతు పనిలో ఉన్నారో, ఇంట్లో ఎవరి పని బట్టలు ఉతికారో కూడా చెప్పాలి. ఆయన అడక్కపోయినా చెప్పాలి.

ఇక గట్టిగా ఉన్న రేకును వదిలేద్దామని మీరు తేల్చుకుంటే, ఒక డబ్బా ఎర్ర పెయింటు తెచ్చి, లోపలివైపు కనపడే గోడ మీద, రేకు మొదలయ్యే చోట, "ఆస్బెస్టాస్, బెజ్జం వేయొద్దు" అని పెద్ద అక్షరాలతో రాయండి. చూడ్డానికి బాగోదు. ఫ్యాను బిగించే కుర్రాడు చదువుతాడు.