పోయే మెయిల్‌ని మన సర్వరే స్పామ్ అని ఆపితే: ఫిల్టర్ తీసెయ్యాలా, దిద్దాలా, రిలే పెట్టాలా?

చీమకుర్తి గ్యాలక్సీ గ్రానైట్‌ని కొనేవాళ్లు చైనాలోనో ఇటలీలోనో ఉంటారు. బ్లాకుల కొలతలు, ప్రొఫార్మా ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, బ్యాంకు వివరాలు అన్నీ మెయిల్ మీదే నడుస్తాయి. అలాంటి ఆఫీసులో సొంత మెయిల్ సర్వర్ ఉండి, సెండ్ నొక్కగానే ‘554 5.7.1 స్పామ్’ అని వెనక్కి కొట్టిందంటే ఆ పూట పని ఆగినట్టే. అడిగితే తలా ఒక మాట చెప్తారు. స్పామ్ ఫిల్టర్ తీసెయ్ అంటాడొకడు. అమెజాన్ రిలే, అంటే మన మెయిల్‌ని మన తరఫున బయటికి చేరవేసే సర్వీసు, పెట్టమంటాడు ఇంకొకడు. అసలు సొంత సర్వర్ గోల ఎందుకు, జోహోకో గూగుల్‌కో మారిపొమ్మంటాడు మూడోవాడు. నా ఓటు ఈ మూడింటికీ కాదు, ఉన్న ఫిల్టర్‌ని దిద్దుకోవడానికి.

ముందు తేలాల్సింది, వద్దన్నది ఎవరని. మెయిల్ పంపే ప్రోగ్రాం పోస్ట్‌ఫిక్స్. దాని లాగ్‌లో ‘మిల్టర్ రిజెక్ట్’ (ఫిల్టర్ వద్దంది) అని ఉంటే ఆపింది మన స్పామ్ ఫిల్టర్ ఆర్‌స్పామ్‌డీనే, మెయిల్ ఇంకా గడప దాటలేదు. జీమెయిల్ సర్వర్ పేరు, దాని పక్కన 550 5.7.26 లాంటి అంకె ఉంటే అవతలివాళ్లు వద్దన్నారు. లాగ్ వెతికే ఓపిక లేకపోతే అదే మెయిల్‌ని వెబ్‌మెయిల్ (బ్రౌజర్‌లో తెరిచే మన మెయిల్) నుంచి పంపి చూడండి. అక్కడి నుంచి పోయి, ఔట్‌లుక్ నుంచో ఫోన్ నుంచో పోకపోతే గొడవ దాదాపు మన ఇంట్లోదే. మామూలుగా వెబ్‌మెయిల్ కూడా అదే మిషన్ మీద ఉంటుంది, 127.0.0.1 నుంచి, అంటే ఆ మిషన్ లోపలి నుంచే వస్తుంది. పోస్ట్‌ఫిక్స్ దాన్ని తనవాళ్లలో కలిపేసుకుంటుంది.

ఒంగోలు బ్రాడ్‌బ్యాండ్ మీదున్న ల్యాప్‌టాప్‌కి ఆ మర్యాద దక్కదు. దాని ఐపీ (ఇంటర్నెట్ అడ్రసు) ఇవాళ ఒకటి, రేపు ఇంకొకటి. ఇలాంటి ఐపీలు చాలావరకు, స్పామ్ జాబితాలు నడిపే స్పామ్‌హౌస్ వాళ్ల పీబీఎల్ అనే జాబితాలో ఉంటాయి. అది తప్పు చేసినవాళ్ల జాబితా కాదు. ఈ ఐపీల నుంచి నేరుగా 25 పోర్టుకి (సర్వర్లు ఒకదానికొకటి మెయిల్ ఇచ్చుకునే దారి) మెయిల్ రాకూడదని చెప్పే జాబితా, అంతే. లాగిన్ అయ్యి పంపేవాళ్ల మీద దాన్ని వాడొద్దని స్పామ్‌హౌసే చెప్తుంది. ఆ తేడా మన ఫిల్టర్‌కి ఎవరూ చెప్పకపోతే పీబీఎల్‌లో ఉన్నందుకు కొన్ని స్పామ్ మార్కులు వేస్తుంది. మన డొమైన్ పేరుతో ఏ ఐపీలు పంపొచ్చో చెప్పేది ఎస్‌పీఎఫ్ రికార్డు; ఆ ఐపీ అందులో ఉండదు కాబట్టి ఇంకొన్ని. ఈ పరీక్షలు తప్పిన మెయిల్‌ని ఏం చెయ్యాలో చెప్పే డీమార్క్ రికార్డులో ‘రిజెక్ట్’ అని మనమే రాసుకుని ఉంటే, మన డొమైన్ పేరు పెట్టుకుని ఎవడో దొంగ పంపుతున్నాడని తీర్మానించేస్తుంది. ఇంటి కుక్క ఇంటివాళ్లనే కరిచినట్టు. మెయిల్‌లో చూస్తే అడ్వాన్సు, డాలర్లు, జిప్ ఫైలు. ఆర్‌స్పామ్‌డీ మామూలుగా 15 మార్కుల దగ్గర తిప్పికొడుతుంది. ఇవన్నీ కూడితే 15 ఎంతసేపు?

587 పోర్టు (మనవాళ్లు లాగిన్ అయ్యి మెయిల్ పంపే దారి) మీద ఫిల్టర్ తీసెయ్యడం ఐదు నిమిషాల పని. మెయిల్ వెంటనే పోతుంది, అందరూ సంతోషిస్తారు. అసలు చిక్కు తర్వాత వస్తుంది. మెయిల్ మన డొమైన్‌దే అని రుజువు చేసే డిజిటల్ సంతకం డీకిమ్. చాలా సర్వర్లలో ఆ సంతకం పెట్టేది కూడా ఆ ఆర్‌స్పామ్‌డీయో, అమావిస్ అనే ఇంకో ఫిల్టరో. దాన్ని తప్పిస్తే మెయిల్ సంతకం లేకుండా బయటికి పోతుంది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ఎవరు పంపినా ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో కనీసం ఒకటి ఉండాలంటోంది. ఎస్‌పీఎఫ్ ఒక్కదాని మీద నిలబడితే, కొనేవాడు ఆ మెయిల్‌ని తన ఇంకో అడ్రసుకి ఫార్వర్డ్ పెట్టుకున్న చోట అదీ తప్పుతుంది. ఇక్కడ ఎర్రర్ పోయి, అక్కడ స్పామ్ ఫోల్డర్‌లో పడుతుంది. ఎర్రర్ వస్తేనే నయం, కనీసం తెలుస్తుంది.

‘మా ఆఫీసోళ్ల మెయిల్‌కి కాపలా ఎందుకయ్యా, వాళ్లేమన్నా దొంగలా?’ అని ఒక క్వారీ యజమాని అడిగారు. వాళ్లు కాదు సార్, వాళ్ల పాస్‌వర్డ్ చేతికి చిక్కించుకున్నవాళ్లు అన్నాను. అకౌంటెంట్ పాస్‌వర్డ్ ఒక్కటి బయటికి పోతే రాత్రికి రాత్రి మన సర్వర్ నుంచి వేలల్లో స్పామ్ పోతుంది. తెల్లారేసరికి మన ఐపీ నిజమైన నల్లజాబితాలో ఉంటుంది.

తిప్పికొట్టే గీతని 15 మార్కుల నుంచి 25కి పెంచమని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఆ గీత వచ్చే మెయిల్‌కీ అదే. లోపలికొచ్చే చెత్తకి కూడా తలుపు తీసినట్టవుతుంది.

దిద్దడమంటే ఫిల్టర్‌ని ఉంచి, దానికి మనవాళ్లని చూపించడం. అందరి ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ 25 పోర్టు వదిలి 587కో 465కో మారి, లాగిన్‌తోనే పంపాలి. లాగిన్ పేరు పోస్ట్‌ఫిక్స్ నుంచి ఫిల్టర్‌కి అందుతోందో లేదో చూసుకోవాలి. అందితే ఆర్‌స్పామ్‌డీలో లాగిన్ అయినవాళ్లకి ఐపీ జాబితాలు, ఎస్‌పీఎఫ్, డీమార్క్ పరీక్షలు ఆపేసి, వైరస్ పరీక్ష, డీకిమ్ సంతకం, ఒక్కో యూజర్ గంటకి ఎన్ని పంపొచ్చన్న హద్దు మాత్రం ఉంచుకోవచ్చు. అమావిస్ వాడేవాళ్లు 587 మీద వచ్చే మెయిల్‌ని ‘ఒరిజినేటింగ్’ పాలసీ బ్యాంకుకి (మనవాళ్లు పంపే మెయిల్‌కి వేరే నియమాల గుంపు) మళ్లించాలి. మొత్తం ఒక సాయంత్రం పని.

రిలే చెడ్డదని కాదు. కానీ మెయిల్ రిలే దాకా పోవాలంటే ముందు మన ఫిల్టర్ దాటాలి. డబ్బు కట్టి రిలే పెట్టుకున్నా అదే 554 వస్తుంది. వద్దన్నది అవతలివాళ్లయితే మాత్రం రిలే అక్కరకొస్తుంది. ముఖ్యంగా సర్వర్ ఆఫీసు బ్రాడ్‌బ్యాండ్ మీద ఉండి రివర్స్ డీఎన్ఎస్ (ఐపీ ఏ పేరుదో చెప్పే రికార్డు) దొరకని చోట, లేదా బయటికి 25 పోర్టు మూసే క్లౌడ్‌లో ఉన్నప్పుడు. అమెజాన్ ఎస్ఈఎస్‌లో వెయ్యి మెయిళ్లకి 10 సెంట్లు. చిన్న ఆఫీసుకి అది లెక్కలోకి రాదు. వచ్చే మెయిల్, పాత మెయిల్ మన దగ్గరే ఉంటాయి.

జోహోకో గూగుల్‌కో మారడం ఐదారుగురున్న ఆఫీసుకి, సర్వర్ చూసే మనిషి లేని చోట మంచిదే. తలకింత అని నెలనెలా కట్టాలి. గుమాస్తాలు, క్వారీ సూపర్‌వైజర్లు, లోడింగ్ చూసేవాళ్లు అందరికీ అడ్రసులున్న చోట ఆ లెక్క పెరిగిపోతుంది.

ఇంకొకటి. వెబ్‌మెయిల్ నుంచి కూడా పోకుండా, వచ్చే మెయిల్ కూడా ఒక్కసారిగా స్పామ్ అవుతుంటే పై మార్పులేవీ ముట్టుకోకండి. సర్వర్ డీఎన్ఎస్‌కి, అంటే పేర్లకి ఐపీలు వెతికిపెట్టే రిసాల్వర్‌గా, అందరూ వాడే గూగుల్ 8.8.8.8 పెట్టారేమో చూడండి. పబ్లిక్ రిసాల్వర్ ద్వారా అడిగితే స్పామ్‌హౌస్ 127.255.255.254 అనే జవాబిస్తుంది. ఇలా అడగొద్దని దాని అర్థం. పాత కాన్ఫిగరేషన్లు 127తో మొదలయ్యే ఏ జవాబునైనా ‘జాబితాలో ఉంది’ అనుకుంటాయి. సర్వర్ మీదే అన్‌బౌండ్ అనే సొంత రిసాల్వర్ పెట్టి దాన్నే అడిగేలా చేస్తే చాలు.