బొంత ముక్కల స్వాప్: ఇక్కడే పోస్ట్ చెయ్యాలా, సూట్‌కేసులో పెట్టుకెళ్లాలా, ఏది మేలు?

నేనుండేది హైదరాబాద్‌లో, మా అమ్మాయి అమెరికాలో డాలస్‌లో ఉంటుంది, నేను ఏడాదికోసారి వెళ్లి రెండు నెలలు ఉండొస్తా, అక్కడ బొంతలు కుట్టే మన తెలుగు ఆడవాళ్లు కొందరు బట్ట ముక్కలు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకుంటుంటే (దాన్నే స్వాప్ అంటారు) నేనూ దూరాను. తలా ఆరు ఫ్యాట్ క్వార్టర్లు ఒకావిడకి పంపితే ఆవిడ కలిపేసి మనకి వేరే వాళ్లవి ఆరు పంపిస్తుంది. ఫ్యాట్ క్వార్టర్ అంటే 18 బై 22 అంగుళాల ముక్క, ఇంకేం లేదు.

ఎలా పంపినా ముందు పని ఒకటే. జనరల్ బజార్‌లో 44 అంగుళాల పన్నా ఉన్న కాటన్ ఒక మీటరు తెచ్చుకుంటే నాలుగు ముక్కలు వస్తాయి, ఎందుకంటే మీటరు 39 అంగుళాలు, రెండు 18లు పోను మూడంగుళాలు మిగులుతుంది, ఆ మూడే కాపాడేది, ఉతికితే బట్ట కుంచించుకుపోతుంది కదా. అందుకే ఉతికాకే కత్తిరించాలి. నేను పోయినసారి తొందరపడి కలంకారీని ఉతక్కుండా కోసి పంపాను, అందుకున్నావిడ తడి తెల్లగుడ్డతో రుద్దితే ఎర్రగా దిగిందట, సిగ్గేసింది. ఇప్పుడు నీళ్లు తేటగా వచ్చేదాకా ఉతికి, నీడలో ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తెర పడుతున్నా.

ఇక పంపడం. ఇక్కడి నుంచే పంపితే మనం వెళ్లకముందే పని అయిపోతుంది, సూట్‌కేసులో ఆవకాయ సీసాకి చోటు మిగులుతుంది, ఇది నిజంగా పెద్ద లాభమే. కానీ అమెరికా వాళ్లు 800 డాలర్ల లోపు పార్సిళ్లకున్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి తీసేశారు, మన పోస్టు వాళ్లయితే ఆ గందరగోళంలో కొన్ని వారాలు అటువైపు పార్సిళ్లే ఆపేసి అక్టోబరులో మళ్లీ మొదలుపెట్టారు. నిజం బహుమతైతే 100 డాలర్ల దాకా సుంకం లేదు, కానీ బదులుగా బట్ట తీసుకుంటూ కస్టమ్స్ ఫారం మీద గిఫ్ట్ అని ఎలా రాస్తాం చెప్పండి? నాకైతే చెయ్యి రాదు. రెండు వందల గ్రాముల గుడ్డ కోసం అబిడ్స్ జీపీఓ దాకా పోయి ఫారాలు నింపి, పైగా సుంకమా!

సూట్‌కేసులో అయితే ఆరు ముక్కలు రెండు చీరల మధ్య దూరిపోతాయి. అక్కడికెళ్లాక ముక్కలు కలిపే ఆవిడకి పోస్ట్ చేసేటప్పుడు ఒక్క కిటుకు: ముక్కని రోల్ చుట్టొద్దు, రెండు మడతలు వేస్తే 9 బై 11 అవుతుంది, ఆరూ ఒకదాని మీద ఒకటి పరిచి జిప్‌లాక్‌లో గాలి తీసేసి 10 బై 13 కవర్లో పెడితే ముప్పావు అంగుళం లోపే ఉంటుంది. అంత పల్చగా, ఎక్కడా ఉబ్బకుండా, వంచితే వంగేలా ఉండి 13 ఔన్సులు (దాదాపు 368 గ్రాములు) దాటకపోతే వాళ్ల పోస్టులో దాన్ని పెద్ద కవరు కిందే లెక్కేస్తారు, ఉబ్బిందంటే మాత్రం పార్సిల్ రేటు పడుతుంది. దేశం లోపలే కాబట్టి కస్టమ్స్ ఫారం గొడవే లేదు.

ఒక్క చిక్కల్లా ముక్కలు ఆవిడకి చేరాల్సిన తేదీ. దిగాక జెట్‌లాగ్‌తో నాలుగు రోజులు మనం మనుషుల్లో ఉండం, కాబట్టి విమానం దిగాక కనీసం రెండు వారాలు గడువుంటే సూట్‌కేసే మేలు, లేదంటే ఆ విడత స్వాప్ మానెయ్యడమే నయం, ఇక్కడ పోస్ట్ చేసి అది చేరిందా లేదా అని విమానంలో కూర్చుని దిగులు పడేకంటే.

తిరిగొచ్చే ముక్కలకి స్టాంపులంటించిన కవరు కూడా లోపల పెట్టాలి, దానిమీద మా అమ్మాయి అడ్రసే రాశా. నేను హైదరాబాద్ వచ్చేశాక చేరితే వచ్చే ఏడాది దాకా వాళ్ల అల్మారాలోనే పడుంటాయి, ఉండనీ, అల్లుడు మాత్రం నిక్కర్లు పెట్టుకునే అర అది అని ఇప్పటికే గొణుగుతున్నాడు.