లీటరు కుక్కర్, రెండు గుడ్డ సంచులు: పెదవాల్తేరు గదిలో రెండేళ్లు

ఎమ్మెస్సీలో చేరిన కొత్తలో ఒక ప్రైవేటు హాస్టల్లో ఉండేదాన్ని. ల్యాబ్ ముగించుకుని రాత్రి ఎనిమిదిన్నరకు వస్తే, గిన్నె అడుగున గట్టిపడిన అన్నం తప్ప కూర మిగిలేది కాదు. మూడో నెలలో విశాఖపట్నం పెదవాల్తేరులో గది తీసుకుని లీటరు ఎలక్ట్రిక్ కుక్కర్ కొన్నాను. బండి లేదు, గ్యాస్ లేదు. రెండేళ్లుగా నా వంటంతా దీనిమీదే నడుస్తోంది.

గ్లాసు సోనామసూరి బియ్యం కడిగి, రెండు గ్లాసుల నీళ్లు పోసి, పావుగంట నానాక మీట నొక్కితే ఇరవై అయిదు నిమిషాల్లో అన్నం అయిపోతుంది. నీళ్లున్నంతసేపూ గిన్నె వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. నీరు ఇంకగానే వేడి ఇంకాస్త పెరిగి, అడుగున ఉన్న అయస్కాంతం పట్టు వదిలేస్తుంది, మీట టక్కుమని పైకి లేస్తుంది. ఇది తెలిశాకే పప్పుతో నా ఇబ్బంది ఏమిటో అర్థమైంది. పప్పులో నీళ్లు ఇంకవు కాబట్టి మీట లేవదు, నురగ పొంగి బల్లంతా పారుతుంది. పప్పు పెడితే పక్కనే ఉండాలి, మూత కొంచెం వారగా పెట్టాలి. కందిపప్పుకు గంట నానబెట్టడం తప్పదు. పెసరపప్పు అయితే అలాగే వేసేయొచ్చు, తోటకూరతో కలిపి ఒకేసారి ఉడుకుతుంది. పోపు కూడా ఇందులోనే ముందు వేసుకుంటాను.

దీని అడుగున 400 వాట్లు అని ఉంది. అంటే అరగంట నడిస్తే యూనిట్‌లో అయిదో వంతు. ఇంటి ఆంటీకి కరెంటు బిల్లు మీద టెన్షన్ ఉండేది. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాక ఒప్పుకున్నారు.

కుక్కర్ ఎంత బాగున్నా, అందులో వేసేది మోసుకొచ్చుకోవాలి కదా. బుధవారం, ఆదివారం పొద్దున్నే ఎంవీపీ కాలనీ రైతు బజారుకు నడిచి వెళ్తాను. రెండు గుడ్డ సంచులు, ఒక్కో చేతికి మూడు కిలోలు. అంతకు మించితే తిరిగొచ్చేసరికి వేళ్లు వాచిపోతాయి. ఆనపకాయ కొంటే ఆ రోజు దుంపలు మానేస్తాను. టమాటాలు సగం పండినవి, సగం దోరవి ఏరుకుంటే ఆదివారం దాకా వస్తాయి. ఆకుకూర మాత్రం ఆ రోజే వండాలి, ఈ ఊరి ఉక్కకు మర్నాటికే వడలిపోతుంది. దళారులు లేకుండా రైతులే నేరుగా అమ్ముకోవాలని 1999లో మొదలైన బజార్లివి. ధర బోర్డు మీద రాసి ఉంటుంది కాబట్టి బేరాలాడే పని లేదు. ఆనందపురం వైపు నుంచి వచ్చే ఒక మామ్మ దగ్గర కూర తీసుకుంటాను. "ఒక్కదాన్నే మామ్మా, ఒక కట్ట చాలు" అంటే, "పట్టుకెళ్లమ్మా, చదువుకునే పిల్లవి" అని కొత్తిమీర రెండు రెమ్మలు సంచిలో పడేస్తుంది. ఆవిడ రాని రోజు నాకు వెలితిగా ఉంటుంది.

బియ్యం నేను మోయను. సందు చివరి కిరాణా కొట్టు వాళ్లు అయిదు కిలోలు గుమ్మం దాకా తెచ్చిస్తారు. చింతపండు, ఎండుమిర్చి, పప్పులకు నెలకోసారి పూర్ణా మార్కెట్. జగదాంబ జంక్షన్ దగ్గర బస్సు దిగి నడుస్తాను. 2025 ఆగస్టు 15 నుంచి సిటీ బస్సుల్లో మా ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేకపోవడం పెద్ద ఊరట, ఆ డబ్బు వేరుశనగ పప్పుకు వెళ్తోంది. ఫోన్లో ఆర్డర్ పెట్టడం జ్వరం వచ్చినప్పుడు తప్ప మానేశాను. చిన్న ఆర్డర్‌కు వాళ్ల చార్జీలు కలిపితే ఒక పూట కూరగాయలు వచ్చేస్తాయి.

ఇక కుక్కర్ లోపాలు. సముద్రపు గాలికి ఏడాది తిరిగేసరికి మరలు, హీటింగ్ ప్లేటు అంచులు తుప్పు పట్టాయి. వాడిన ప్రతిసారీ ప్లగ్ తీసి, చల్లారాక పొడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టాక ఆగింది. గిన్నె బయట తడి ఉండగా లోపల పెట్టడం అసలు చేయకండి. కరెంటు వైరు ఒకసారి వదులై మాడు వాసన వచ్చింది, వెంటనే కొత్తది మార్పించాను. అన్నం వేడిగా ఉంచే సౌకర్యాన్ని గంటకు మించి నమ్మను, అడుగు పచ్చబడి వాసన వేస్తుంది. అలాగని ఆపేసి వదిలేస్తే ఏప్రిల్, మే నెలల్లో పొద్దున వండిన అన్నం సాయంత్రానికి జిగురొస్తుంది. అందుకే రాత్రి తాజాగా వండి, మిగిలింది చల్లారగానే నీళ్లు, కాస్త మజ్జిగ పోసి ఉంచుతాను. పొద్దున్నే ఉల్లిపాయ, పచ్చిమిర్చి నంజుకుని చద్దన్నం తిని యూనివర్సిటీ ఔట్‌గేటు దాకా నడిచి వెళ్లిపోతాను. పదకొండు గంటల క్లాసులో ఆకలి వేయడం మానేసింది.

ఈ జూన్ నుంచి విజయనగరం అమ్మాయి ఒకతె నాతో ఉంటోంది. ఇద్దరికీ లీటరు గిన్నె చాలదు, అన్నం ఒక విడత, పప్పు ఒక విడత పెట్టాల్సి వస్తోంది. మీరు ఇద్దరైతే 1.8 లీటర్లది కొనండి.