పిల్లల్లేకుండా ఇద్దరమే డిస్నీ వరల్డ్, అదీ వారం పైన: ఏది వర్త్, ఏది దండగ

ముందే చెప్పేస్తున్నా, ఓర్లాండోలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌కి మొగుడూ పెళ్ళాం ఇద్దరే వెళ్తే బోర్ కొట్టదు, కానీ రోజూ పొద్దున్నే లేచి పార్కుకి పరిగెడితే మాత్రం నాలుగో రోజుకి ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోరు. "అది చిన్నపిల్లలకి కదా, మీరిద్దరే వెళ్ళి ఏం చేస్తారు" అని మా అత్తగారి దగ్గర్నుంచి ఆఫీసులో వాళ్ళ దాకా అందరూ అడిగారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా. ఇది వారం, పది రోజులు ఉండేవాళ్ళ కోసం, రెండ్రోజుల్లో చుట్టేసి మయామీ పోయేవాళ్ళకి దీంతో పెద్దగా పనుండదు.

మన వాళ్ళు చాలామంది డిస్నీ అంటే ఆ కోట ఉన్న పార్కు ఒక్కటే అనుకుంటారు. 1971 అక్టోబర్ 1న మొదలైనప్పుడు నిజంగానే మ్యాజిక్ కింగ్‌డమ్ ఒక్కటే ఉండేది, తర్వాత 1982లో ఎప్‌కాట్, 1989లో ఇప్పుడు హాలీవుడ్ స్టూడియోస్ అంటున్న పార్కు, 1998లో యానిమల్ కింగ్‌డమ్ వచ్చాయి, ఇవి కాక రెండు వాటర్ పార్కులు, పాతిక దాకా హోటళ్ళు, చెరువులు, అడవి, అన్నీ కలిపి దాదాపు 40 చదరపు మైళ్ళు. ఇందులో రైడ్లు ఒక ముక్క అంతే. పిల్లలున్న వాళ్ళకి ఆ ముక్కతోనే సరిపోతుంది పాపం, మిగతాది చూసే ఓపిక ఉండదు. ఇద్దరే వెళ్ళినవాళ్ళకి అసలు సరదా ఆ మిగతాదాన్లోనే ఉంది.

టికెట్ సంగతి ముందు. ఎక్కువ రోజులకి కొంటే రోజుకి పడే రేటు తగ్గుతుంది కదా అని ఉన్నన్ని రోజులకీ కొనేస్తారు జనం, అక్కర్లేదండీ. 4 రోజుల టికెట్‌ని 7 రోజుల్లో ఎప్పుడైనా వాడుకోవచ్చు, 10 రోజుల దానికి 14 రోజుల గడువు ఉంటుంది, అంటే మధ్యలో ఖాళీ రోజులు పెట్టుకోవడానికి వీలుగానే ఉంది. నా లెక్క ఏంటంటే ఎన్ని రాత్రులు ఉంటారో అందులో సగం రోజులకే టికెట్ తీసుకోండి, మిగిలిన డబ్బు తిండికీ, ఒకట్రెండు మంచి అనుభవాలకీ పెట్టండి. ఒకే రోజు ఒకటి కన్నా ఎక్కువ పార్కులు తిరగనిచ్చే పార్క్ హాపర్ టికెట్ మాత్రం ఇద్దరే ఉన్నప్పుడు పనికొస్తుంది, పొద్దున జంతువులు చూసి మధ్యాహ్నం రూంకొచ్చి పడుకుని సాయంత్రం ఎప్‌కాట్‌కి వెళ్ళొచ్చు, 2024 నుంచి మధ్యాహ్నం 2 దాకా ఆగాలన్న రూల్ కూడా తీసేశారు.

ఎప్‌కాట్ గురించి కాస్త ఎక్కువే రాస్తా ఎందుకంటే పెద్దవాళ్ళ పార్కు అంటే అదే. వెనక భాగంలో ఒక పెద్ద సరస్సు, దాని చుట్టూ మైలుకి పైగా దారి, ఆ దారి పొడుగునా 11 దేశాల పెవిలియన్లు, మెక్సికో నుంచి మొదలుపెడితే నార్వే, చైనా, జర్మనీ, ఇటలీ, అమెరికా, జపాన్, మొరాకో, ఫ్రాన్స్, బ్రిటన్, చివరికి కెనడా. చాలామంది దీన్ని ఒక్క సాయంత్రంలో చుట్టేస్తారు, ప్రతి దేశంలో ఒక డ్రింక్ తాగుతూ తిరగడం అనేది అక్కడ పెద్ద ఆచారం, పదకొండూ పూర్తి చేస్తామని పందెం కట్టుకుని ఆరో దేశం దగ్గర బెంచీ మీద కూలబడ్డ వాళ్ళు బోలెడుమంది కనిపిస్తారు. నేనైతే దాన్ని రెండు మూడు సాయంత్రాలకి పంచుకోమంటా, ఒక రోజు ఇటు సగం, ఇంకో రోజు అటు సగం. మెక్సికో పిరమిడ్ లోపలికి వెళ్తే మిట్టమధ్యాహ్నం కూడా సందెవేళ సంతలాగే ఉంటుంది, చల్లగా చీకటిగా, బయట ఫ్లోరిడా ఎండకి మాడిపోయి వెళ్తే ప్రాణం లేచొస్తుంది, లోపలే ఒక చిన్న టెకీలా బార్ ఉంది. మొరాకోలో రైడ్ లేదు కాబట్టి జనం ఆగరు, కానీ ఆ గోడల మీద టైల్స్ పని చెయ్యడానికి ఆ దేశపు రాజు హసన్ తన దగ్గరి పనివాళ్ళని పంపించాడు, ఒక్కో గోడ దగ్గర నిలబడి చూస్తే టైం తెలీదు. జపాన్‌లో మిత్సుకోషి షాపు ఉంది, మా ఆయన్ని అక్కడ వదిలేస్తే మళ్ళీ వెతుక్కోవాలి. జనవరిలో ఆర్ట్స్, వసంతంలో పూలు, వేసవి చివర్నుంచి శీతాకాలం ముందు దాకా ఫుడ్ అండ్ వైన్, ఆ తర్వాత హాలిడేస్ అని ఏదో ఒక ఫెస్టివల్ దాదాపు ఏడాదంతా నడుస్తూనే ఉంటుంది, చిన్న చిన్న స్టాళ్ళలో చిన్న ప్లేట్లు అమ్ముతారు, ఇద్దరూ ఒకటి కొనుక్కుని పంచుకుంటే రాత్రి భోజనం అయిపోతుంది. వీకెండ్ సాయంత్రాలు మాత్రం చుట్టుపక్కల ఊరి జనం కూడా వస్తారు, మంగళ బుధ వారాల్లో వెళ్ళండి.

ఇక హోటళ్ళు. మీరు ఏ హోటల్లో దిగారన్నది పక్కన పెట్టండి, మిగతా హోటళ్ళు చూడ్డమే ఒక రోజు ప్రోగ్రాం, దానికి పార్కు టికెట్ అక్కర్లేదు. మ్యాజిక్ కింగ్‌డమ్ ఎదురుగా ఉన్న సరస్సు చుట్టూ మోనోరైల్ తిరుగుతుంది, ఫ్రీ, కాంటెంపరరీ, పాలినీషియన్, గ్రాండ్ ఫ్లోరిడియన్ మూడు హోటళ్ళ దగ్గరా ఆగుతుంది. కాంటెంపరరీలో ఆ రైలు హోటల్ బిల్డింగ్ లోపల్నుంచే వెళ్తుంది, అక్కడ మేరీ బ్లెయిర్ అనే ఆవిడ డిజైన్ చేసిన 90 అడుగుల టైల్స్ బొమ్మ ఉంది, అందులో ఒక మేకకి ఐదు కాళ్ళుంటాయి, వెతకండి. సందెవేళకి పాలినీషియన్ ఇసుక ఒడ్డుకి చేరుకుంటే సరస్సు అవతల కోట మీద బాణసంచా కనిపిస్తుంది, మ్యూజిక్ కూడా స్పీకర్లలో వస్తుంది, పార్కు లోపల కోట ముందుండే మెయిన్ స్ట్రీట్‌లో భుజాలు రాసుకుంటూ గంట ముందు నుంచి నిలబడే బాధ లేదు. ఆ తర్వాత నీళ్ళ మీద లైట్ల బొమ్మలు వరసగా తేలుతూ వెళ్తాయి, 1971 నాటి షో అది, కొంచెం పాతకాలపు తిరునాళ్ళ టైపు, నాకు బాణసంచా కన్నా అదే నచ్చింది. అదే హోటల్లో ట్రేడర్ శామ్స్ అని బుల్లి బార్ ఉంది, రాత్రి 8 దాటితే 21 ఏళ్ళు నిండినవాళ్ళకే ఎంట్రీ, కొన్ని డ్రింకులు ఆర్డర్ చేస్తే బార్ మొత్తం ఉరుములు మెరుపులు మొదలవుతాయి. చోటు తక్కువ, వెయిటింగ్ ఉంటుంది, అది మీ అదృష్టం.

యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌కి మాత్రం తప్పకుండా ఒక మధ్యాహ్నం పెట్టుకోండి. హోటల్ వెనకాలే గడ్డిమైదానం, అందులో జిరాఫీలు, జీబ్రాలు తిరుగుతుంటాయి. అక్కడ సనా అనే రెస్టారెంట్లో ఆఫ్రికన్, ఇండియన్ రుచులు కలిపి చేస్తారు, వాళ్ళ బ్రెడ్ సర్వీస్ ఫేమస్, నాన్, ఉల్లిపాయ కుల్చా, పనీర్ పరాఠా లాంటివి ఇచ్చి పక్కన 9 రకాల చట్నీలు, పచ్చళ్ళు పెడతారు. అమెరికన్లు దాన్ని చూసి ఆహా ఓహో అంటారు, మనకి అంత ఆశ్చర్యమేం ఉండదు, ఆవకాయ తిన్న నోటికి ఆ కారం ఒక లెక్క కాదు, కానీ కిటికీ పక్కన జిరాఫీ నడుస్తుంటే చింతపండు చట్నీలో నాన్ ముంచుకుని తినడం ఇంకెక్కడా దొరకదు కదా. వెజిటేరియన్లకి నిశ్చింతగా రికమెండ్ చేస్తా. సాయంత్రం చీకటి పడితే జంతువులు కనపడవు, లంచ్‌కే వెళ్ళండి.

డబ్బు పెట్టి చేసిన వాటిలో నాకు బాగా నచ్చింది కీస్ టు ద కింగ్‌డమ్ టూర్. 16 ఏళ్ళ లోపు వాళ్ళని రానివ్వరు, అది ఒక్కటే చాలు అసలు. దాదాపు 5 గంటలు నడిపిస్తారు, పార్కు టికెట్ కాక దీనికి విడిగా కట్టాలి. మ్యాజిక్ కింగ్‌డమ్ కింద సొరంగాలు ఉన్నాయని వినే ఉంటారు, నిజానికి అవి నేల కిందవి కావు, ఫ్లోరిడాలో కొంచెం తవ్వితే నీళ్ళొచ్చేస్తాయి కాబట్టి సొరంగాల్నే నేల మీద కట్టి, ఎదురుగా సరస్సు తవ్వినప్పుడు వచ్చిన మట్టి వాటి మీద పోసి, పార్కుని పైన కట్టారు. మనం నడిచే వీధి అంతా నిజానికి రెండో అంతస్తు. కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్ పార్కులో కౌబాయ్ వేషంలో ఉన్న ఉద్యోగి భవిష్యత్తు సెట్టింగ్ మధ్యలోంచి నడిచి వెళ్తుంటే చూసి వాల్ట్ డిస్నీకి చిరాకేసిందట, అందుకని ఇక్కడ ఉద్యోగులు వేషాలు మార్చుకోవడానికీ, తిరగడానికీ కింద దారి వేశారు. లోపల ఫోటోలు తియ్యనివ్వరు. మీకు పార్కు మీద ఉన్న మాయ పోకూడదనుకుంటే వెళ్ళొద్దు, మా ఆయన ఇంజనీర్ కాబట్టి రైడ్ల కన్నా ఇదే ఎంజాయ్ చేశాడు. ఎప్‌కాట్‌లో గ్రీన్‌హౌస్ టూర్ కూడా ఉంది, గంట సేపు, మట్టి లేకుండా కూరగాయలు ఎలా పెంచుతారో చూపిస్తారు, మొక్కల పిచ్చి ఉన్నవాళ్ళకి చవకలో మంచి కాలక్షేపం.

రైడ్ల గురించి రెండు ముక్కలు. యానిమల్ కింగ్‌డమ్‌లో పాండోరా అనే భాగంలో ఉన్న ఫ్లైట్ ఆఫ్ పాసేజ్ రైడ్ ఒక్కదానికోసం పొద్దున్నే లేవొచ్చు. డిస్నీ హోటల్లో దిగినవాళ్ళని ఏ పార్కులోకైనా అరగంట ముందు పంపిస్తారు, ఆ అరగంటలోనే అది తేల్చేసుకుని, సఫారీ చేసి, ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్ ఎక్కి, 11 గంటలకల్లా బయటపడితే ఆ పార్కు అయిపోయినట్టే. ఎవరెస్ట్‌లో ఒంటరిగా ఎక్కేవాళ్ళ కోసం సింగిల్ రైడర్ లైన్ ఉంది, చాలా ఫాస్ట్‌గా కదులుతుంది, ఇద్దర్నీ వేర్వేరు చోట్ల కూర్చోబెడతారు, హనీమూన్ వాళ్ళకి కష్టం, పెళ్ళై పదేళ్ళు దాటినవాళ్ళకి ఏం ఫరక్ పడదు. లైట్నింగ్ లేన్ అని డబ్బు కట్టి క్యూ తప్పించుకునే పద్ధతి ఉంది, డిస్నీ హోటల్లో ఉంటే 7 రోజుల ముందు, బయట ఉంటే 3 రోజుల ముందు బుక్ చేసుకోవచ్చు, కానీ ఎక్కువ రోజులు ఉండేవాళ్ళకి అది రోజూ కొనడం శుద్ధ దండగ, పైగా పగలంతా ఫోన్ చూసుకుంటూనే ఉండాలి. మ్యాజిక్ కింగ్‌డమ్, హాలీవుడ్ స్టూడియోస్ రెండిటికీ ఒక్కోరోజు కొనుక్కుంటే చాలు.

వాతావరణం గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా దాదాపు రోజూ మధ్యాహ్నం ఉరుములతో వాన, మెరుపులు దగ్గరికొస్తే బయటుండే రైడ్లన్నీ ఆపేస్తారు, స్విమ్మింగ్ పూల్ కూడా. పిల్లలున్నవాళ్ళు ఆ టైంలో నానా అవస్థలు పడతారు, మీరిద్దరే కాబట్టి యానిమల్ కింగ్‌డమ్‌లో నోమాడ్ లాంజ్‌లో కూర్చుని వాన చూస్తూ ఏదో ఒకటి తాగండి. వీలైతే అసలు జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో వెళ్ళండి, చలి కొద్దిగా ఉంటుంది, వాటర్ పార్కు మోజు ఉంటే తప్ప నష్టం లేదు.

మధ్యలో ఒకటి రెండు రోజులు డిస్నీ గేటు దాటి బయటికి వెళ్ళడం తప్పనిసరి అంటా నేను, లేకపోతే ఆ ప్లాస్టిక్ సంతోషం ఎక్కువైపోతుంది. కారు ఉంటే గంటలో కెనడీ స్పేస్ సెంటర్, 33 సార్లు పైకెళ్ళొచ్చిన అట్లాంటిస్ షటిల్ నిజమైనదే కళ్ళెదురుగా వేలాడుతుంటుంది, 363 అడుగుల సాటర్న్ 5 రాకెట్ పడుకోబెట్టి ఉంటుంది, దాని కింద నుంచి నడవాలి, ఒక రోజంతా పట్టుద్ది. చలికాలం అయితే బ్లూ స్ప్రింగ్ స్టేట్ పార్కుకి వెళ్ళండి, ఏడాది పొడుగునా 72 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో ఉండే ఊటనీళ్ళు, నది చల్లబడగానే మానటీలు అనే పెద్ద నీటి జంతువులు వందల్లో అక్కడికి చేరతాయి, ఏనుగులకి చుట్టాలు ఇవి, ఒక్కోటి తెప్పంత ఉంటుంది, అలా కదలకుండా తేలుతుంటాయి. ఒడ్డున చెక్క దారి మీద నుంచే చూడాలి, ఆ సీజన్లో వాటి దగ్గరికి నీళ్ళలోకి దిగనివ్వరు. ఇంకా తీరిగ్గా కావాలంటే వింటర్ పార్క్‌లో పడవ టూర్, 1938 నుంచి నడుస్తోంది, గంట సేపు సరస్సులూ వాటిని కలిపే సన్న కాలవలూ తిప్పుతారు, పెద్దోళ్ళ బంగళాలు చూసుకుంటూ రావచ్చు. 2025 మే 22న తెరిచిన యూనివర్సల్ వాళ్ళ ఎపిక్ యూనివర్స్ పార్కు కూడా ఊళ్ళోనే ఉంది కానీ అది వేరే టికెట్, వేరే బడ్జెట్, ఒకే ట్రిప్‌లో ఇరికిస్తే రెండూ సగం సగమే చూస్తారు.

చిన్నచిన్నవి ఇంకా ఉన్నాయి. స్కైలైనర్ కేబుల్ కార్ ఫ్రీ, 2019లో పెట్టారు, ఎప్‌కాట్ నుంచి హాలీవుడ్ స్టూడియోస్‌కి గాల్లో వెళ్ళొచ్చు, రాత్రి పూట వెళ్తే బాగుంటుంది. డిస్నీ స్ప్రింగ్స్‌లో ఎంట్రీ, పార్కింగ్ రెండూ ఫ్రీ, షాపింగ్ తప్ప ఏం లేదని మా ఆయన గొణిగాడు కానీ అక్కడి సర్కస్ షో అయ్యాక నోరు మూసుకున్నాడు. మినీ గోల్ఫ్ పర్లేదు, వెళ్ళకపోయినా ఏం పోదు. పెళ్ళిరోజు అయితే గెస్ట్ రిలేషన్స్‌లో అడిగితే ఫ్రీగా బ్యాడ్జ్ ఇస్తారు, పెట్టుకుంటే రోజంతా ముక్కూ మొహం తెలియని వాళ్ళు విషెస్ చెప్తారు, మొదట్లో సిగ్గేస్తుంది తర్వాత అలవాటైపోతుంది.

ఖరీదైన డిన్నర్ ఒకటి అనుకుంటే గ్రాండ్ ఫ్లోరిడియన్లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్స్ ఉంది, 2024లో మిషెలిన్ స్టార్ వచ్చింది, పదేళ్ళ లోపు పిల్లల్ని రానివ్వరు, కాస్త పద్ధతిగా తయారై వెళ్ళాలి. మేం వెళ్ళలేదు, ఆ రేటుకి మనసొప్పలేదు. దాని బదులు కాంటెంపరరీ 15వ అంతస్తులో కాలిఫోర్నియా గ్రిల్ చాలు, అదీ చవక కాదనుకోండి, కానీ తింటూ బాణసంచా చూడొచ్చు. ఇలాంటివన్నీ 60 రోజుల ముందు బుకింగ్ ఓపెన్ అవుతాయి, డిస్నీ హోటల్లో ఉండేవాళ్ళు ఆ రోజే మొత్తం స్టేకి, 10 రోజుల దాకా, ఒకేసారి బుక్ చేసుకోవచ్చు. ఎక్కువ రోజులు ఉంటే ఇది మంచి అడ్వాంటేజ్, దొరకని టేబుళ్ళని ట్రిప్ చివరి రోజుల్లో వెతకండి, ఆ డేట్లు మిగతావాళ్ళకి అప్పటికింకా ఓపెనే అయ్యుండవు.