క్యూస్పిన్: గొలుసులో గందరగోళాన్ని లెక్కించే పైథాన్ లైబ్రరీ

క్వాంటమ్ స్పిన్ గొలుసు (వరుసగా పేర్చిన చిన్న అయస్కాంతాల్లాంటి కణాలు) వేడెక్కి సమతాస్థితికి చేరుతుందా, అంటే అందులో గందరగోళం (కేయాస్) ఉందా లేదా అని చూడాలంటే మొదట క్యూస్పిన్‌తోనే మొదలుపెట్టండి. ఉచితం. హామిల్టోనియన్ (వ్యవస్థ శక్తిని చెప్పే మాత్రిక) రాయడానికి పది పంక్తులు చాలు.

18 స్పిన్లు, మొత్తం అయస్కాంతీకరణ సున్నా: 48,620 స్థితులు. పూర్తి మాత్రిక రియల్ సంఖ్యల్లోనే దాదాపు 19 జీబీ. డిఫాల్టేమో కాంప్లెక్స్, అంటే దానికి రెట్టింపు. డీటైప్ (సంఖ్యల రకం) మార్చడం మరిచారో, మెమరీ అయిపోయినట్టే. చివరలు తెరిచిన గొలుసుకు ప్రతిబింబ (కుడిఎడమలు మార్చడం), స్పిన్ తిరగేత (పైకి, కిందికి మార్చడం) సౌష్ఠవాలు రెండూ పెడితే సుమారు 12,300 స్థితులు, 1.2 జీబీ. ల్యాప్‌టాప్ చాలు.

ఇది మెమరీ పొదుపు కోసమే అనుకోకండి. సౌష్ఠవ భాగాలు కలిసిపోతే ఒక భాగపు శక్తి స్థాయిలు ఇంకోదాన్ని పట్టించుకోవు. శక్తి స్థాయిల పక్కపక్క అంతరాల నిష్పత్తి సగటు, గందరగోళం ఉంటే 0.53 రావాల్సింది, అది లేనప్పుడు వచ్చే పాయిసాన్ విలువ 0.386 వైపు జారుతుంది, గందరగోళం లేదని పొరబడతాం. డెల్టా (z దిశ జంట బలానికి x, y దిశల బలంతో నిష్పత్తి) 1 కూడా వద్దు, మొత్తం స్పిన్ అనే మరో సౌష్ఠవం దాక్కుంటుంది. స్పెక్ట్రమ్ (శక్తి స్థాయిల వరుస) అంచులు వదిలి, నడిమి మూడో వంతే తీసుకోండి.

అసలు చిరాకు పౌలి ఆప్షన్‌తో. డిఫాల్ట్‌గా పౌలి మాత్రికలే వాడుతుంది, ఇవి సగం స్పిన్ మాత్రికలకు రెట్టింపు: ఆ లెక్కతో పోలిస్తే జంట పదాలు (రెండు స్పిన్లను కలిపేవి) 4 రెట్లు, అయస్కాంత క్షేత్రం పదం 2 రెట్లే. రెండింటి మధ్య నిష్పత్తే మారిపోతుంది, హెచ్చరిక మాత్రం రాదు.